బోర్లా పడుకుని చదివిన పుస్తకాలు

అమెరికాలో 1970లలో వచ్చిన సూపర్‌హీరో బొమ్మల పుస్తకాల్లో ఒక రకం ఏ అరలోనూ ఇమడదు. వెడల్పు సుమారు 10 అంగుళాలు, పొడవు 13.5 అంగుళాలు. నిలబెడితే పై అర తగులుతుంది, పడుకోబెడితే అర దాటి బయటికి వస్తుంది. మామూలు కామిక్ వెడల్పు 6.6 అంగుళాలు, పొడవు 10.25. అంకెల్లో చూస్తే తేడా పెద్దగా అనిపించదు గాని, రెండిటినీ పక్కపక్కన తెరిచి పెడితే దీని పేజీ దాని పేజీకి రెట్టింపు. మార్వెల్ సంస్థ వీటికి ట్రెజరీ ఎడిషన్ అని పేరు పెట్టింది. పోటీదారు డీసీ సంస్థ లిమిటెడ్ కలెక్టర్స్ ఎడిషన్ అంది. సేకరించేవాళ్లు అన్నిటినీ కలిపి ట్రెజరీలే అంటారు. మన మాటలో ఖజానాలు. 1972 చివర మొదలై 1981 నాటికి దాదాపు ముగిసిపోయిన ఈ పదేళ్ల ముచ్చట, ఇవాళ్టికీ కొందరిని పాత పుస్తకాల దుకాణాల చుట్టూ తిప్పుతోంది.

వీటి మూలం మరో పదేళ్లు వెనక ఉంది. 1960లో డీసీ సంస్థ సూపర్‌మ్యాన్ మొదటి యాన్యువల్ తెచ్చింది. అప్పటికి మామూలు కామిక్ 32 పేజీలు, 10 సెంట్లు. యాన్యువల్ 80 పేజీలు, 25 సెంట్లు. అందులో కథలన్నీ పాతవే. అయినా అదే ఏడాది రెండో యాన్యువల్ కూడా వేయాల్సి వచ్చింది. పేరుకే అది వార్షికం, పిల్లల ఆకలి ఏడాది ఆగలేదు. ఆ తర్వాత మార్వెల్ ఈ పద్ధతిని మరో మెట్టు పైకి తీసుకెళ్లింది. 1963లో ఫెంటాస్టిక్ ఫోర్ మొదటి యాన్యువల్‌కు 37 పేజీల కొత్త కథ రాయించి, గీయించింది. 1964లో స్పైడర్‌మ్యాన్ మొదటి యాన్యువల్ వచ్చింది. అందులో ఆరుగురు విలన్లు ఏకమై ఒక్కొక్కరుగా స్పైడర్‌మ్యాన్ మీదికి వస్తారు. ఆరు పోరాటాలకూ ఆరు చోట్ల పూర్తి పేజీ బొమ్మ గీశాడు స్టీవ్ డిట్కో. నెలనెలా చిన్నచిన్న గళ్లలో ఇరుక్కున్న బొమ్మ పేజీ అంతా పరుచుకోవడం అప్పటి పిల్లలకు పండగే. మరుసటి ఏడాది ఫెంటాస్టిక్ ఫోర్ మూడో యాన్యువల్లో ఆ జట్టులోని రీడ్, స్యూల పెళ్లి జరిగింది. కథ చివర రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కర్బీ తామే పాత్రలై పెళ్లికి వస్తారు. వాళ్లను గుమ్మం దగ్గరే ఆపేసి వెనక్కి పంపేస్తారు.

తెలుగు పాఠకుడికి ఈ అలవాటు తెలియనిదేం కాదు. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలను ఇప్పటికీ భద్రంగా దాచుకున్న ఇళ్లున్నాయి. దీపావళి ప్రత్యేక సంచిక కోసం వారపత్రికల పాఠకులు ఎదురుచూసిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. మామూలు సంచిక చదివి పక్కన పడేసేవాళ్లు కూడా లావుపాటి ప్రత్యేక సంచికను పారేయడానికి మనసొప్పక ట్రంకుపెట్టెలో పెట్టేవారు. లావు ఎక్కువైన కొద్దీ కాగితానికి ఆయుష్షు పెరుగుతుందన్నది అనుభవం మీద తేలిన సంగతి.

1960ల యాన్యువల్ లావులో పెద్దది, 1970ల ట్రెజరీ పేజీలోనే పెద్దది. ఈ మార్పుకు కారణం కళ కన్నా ముందు వ్యాపారం. 1970ల మొదట్లో అమెరికాలో కామిక్స్ మందుల షాపుల్లో, కిరాణా కొట్లలో, పత్రికల స్టాళ్లలో గుండ్రంగా తిరిగే తీగల స్టాండ్ల మీద అమ్ముడయ్యేవి. 20 సెంట్ల పుస్తకం మీద కొట్టువాడికి మిగిలేది చిల్లర పైసలు. ఆ స్టాండు ఆక్రమించే చోటులో మరేదైనా పెట్టుకుంటే ఎక్కువ మిగులుతుందని అతనికి తోచడం సహజం. ప్రచురణకర్తలకు ఎక్కువ ధర పలికే సరుకు కావాల్సి వచ్చింది. 1974లో మార్వెల్ మొదటి ట్రెజరీ స్పైడర్‌మ్యాన్ కథలతో 100 పేజీల్లో వచ్చింది, వెల డాలరున్నర. అప్పుడు మామూలు కామిక్ 25 సెంట్లు. ఒక్క ట్రెజరీ అమ్మితే ఆరు కామిక్స్ అమ్మినట్టు. పైగా అది తిరిగే స్టాండులో పట్టదు కాబట్టి, పెద్దవాళ్లు చదివే పత్రికల పక్కన కూర్చునే యోగం పట్టింది. తాతయ్యో మేనత్తో ఊరి నుంచి వస్తూ పిల్లవాడికి కొని తేదగ్గ కానుకగా అది కనిపించింది. డీసీ సంస్థ ఈ సైజులో వేసిన మొదటి పుస్తకం సూపర్‌హీరోది కాదు, 1972 క్రిస్మస్‌కు ఎర్ర ముక్కు దుప్పి రుడాల్ఫ్ కథ. షజామ్, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ దాని వెనకే వచ్చారు.

లోపలి సరుకు ఎక్కువగా పునర్ముద్రణే. పాత కథ, పాత బొమ్మ, కొత్త సైజు. దీన్ని చూసి సంస్థలు ఖర్చు లేకుండా సొమ్ము చేసుకున్నాయని తీసిపారేసేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది గాని, అదొక్కటే నిజం కాదు. కామిక్ బొమ్మను చిత్రకారుడు అచ్చయ్యే సైజులో గీయడు. 1967 ప్రాంతం దాకా అమెరికన్ చిత్రకారులు అచ్చు పేజీకి సుమారు రెండింతల పొడవు, వెడల్పు ఉన్న అట్ట మీద గీసేవారు. ఆ తర్వాత అది కాస్త తగ్గి, 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడవు బొమ్మకు స్థిరపడింది. కుంచె కదిలిన వేగం, కనురెప్ప దగ్గర సన్నబడి బుజం దగ్గర లావెక్కిన గీత, నీడలో వదిలేసిన సన్నటి తెల్లటి చార, ఇవన్నీ ఆ సైజులో పుట్టినవి. 10 సెంట్ల కాగితం మీదికి దించేసరికి అవన్నీ కుంచించుకుపోయి, సిరా పీల్చుకునే చవక కాగితంలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. చిత్రకారుడి చేయి ఎలా కదిలిందో పాఠకుడు మొదటిసారి దగ్గరగా చూసింది ట్రెజరీలోనే. పెద్దది చేస్తే తప్పులు కూడా పెద్దవై కనిపిస్తాయన్నది ఒప్పుకోవాలి. రంగు గీత దాటి బయటికి జరిగిన చోట్లు, చర్మపు రంగు కోసం వేసిన చుక్కల వరుసలు, పాత ఫిల్ములో అరిగిపోయిన సన్న గీతలు దాచుకోవడానికి చోటు లేకుండా బయటపడ్డాయి. అయినా లాభమే ఎక్కువ.

ఇంకో సంగతి ఉంది. సేకరించేవాళ్లకు బాగా తెలిసిందే అయినా, మాటల్లో పెట్టడం అరుదు. చిన్నప్పుడు చూసిన వస్తువులన్నీ పెద్దయ్యాక చిన్నవైపోతాయి. బడి మెట్లు, అమ్మమ్మగారి ఊరి చెరువు, ఎక్కి దూకిన ప్రహరీగోడ, దేన్ని మళ్లీ వెళ్లి చూసినా ఇంతేనా అనిపిస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడి ఒళ్లో మామూలు కామిక్ ఎంత చోటు నింపేదో, నలభై ఏళ్ల మనిషి ఒళ్లో ట్రెజరీ సుమారుగా అంత చోటు నింపుతుంది. రెండు చేతులూ చాచి పట్టుకోవాలి. చూపు పేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి, ఒక్కసారిగా అంతా అందదు. వయసుతో పాటు కుంచించుకుపోని బాల్యపు వస్తువు అరుదు, ట్రెజరీ అలాంటిది. ఇది ఎవరూ కావాలని చేసిన ఏర్పాటు కాదు. డాలరున్నర వసూలు చేయడానికి పెంచిన సైజు, ముప్ఫై ఏళ్ల తర్వాత మరొకరి ఒళ్లో ఇలా అక్కరకొచ్చింది.

పునర్ముద్రణలను పక్కన పెడితే, ఈ సైజు కోసమే పుట్టిన కథలు కొన్ని ఉన్నాయి. సేకరణకు గుండెకాయ అవే. 1976లో వచ్చిన సూపర్‌మ్యాన్ వర్సెస్ ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్‌ను మొదట చెప్పాలి. రెండు సంస్థలూ కలిసి తమ సూపర్‌హీరోలను ఒకే కథలోకి తెచ్చిన మొదటి పుస్తకం అది. వెల 2 డాలర్లు. రచయిత జెర్రీ కాన్వే, చిత్రకారుడు రాస్ ఆండ్రూ, సిరా వేసింది డిక్ జోర్డానో. కాన్వే, ఆండ్రూ ఇద్దరూ రెండు సంస్థల్లోనూ పనిచేసినవాళ్లు కావడం వల్ల ఇటువాళ్లూ అటువాళ్లూ నమ్మారు. సూపర్‌మ్యాన్ గ్రహాన్ని కదిలించగలవాడు, స్పైడర్‌మ్యాన్ గోడలెక్కే కాలేజీ కుర్రాడు. ఇద్దరూ కొట్టుకుంటే ఒక్క దెబ్బకు కథ అయిపోవాలి. అందుకని విలన్ లెక్స్ లూథర్, సూపర్‌మ్యాన్ శక్తిని హరించే ఎర్ర సూర్యుడి కిరణాలను స్పైడర్‌మ్యాన్ ఒంట్లోకి పంపి, కాసేపు సమానబలం వచ్చేట్టు చేస్తాడు. కథ మామూలే. కథ కోసం ఎవరూ దీన్ని దాచుకోలేదు. ఆండ్రూ ఊరిని గీసిన తీరు కోసం దాచుకున్నారు. మేడల అంచులు పై నుంచి కిందికి జారిపోతున్నట్టు, చూసేవాడు తానే గాల్లో వేలాడుతున్నట్టు అనిపించే కోణాలు ఆయన చేతిలోనివి. చిన్న పేజీలో ఆ లోతు లెక్కలా మిగిలిపోతుంది, పెద్ద పేజీలో కడుపులో తిప్పుతుంది.

1978లో సూపర్‌మ్యాన్ వర్సెస్ ముహమ్మద్ అలీ వచ్చింది. వెల రెండున్నర డాలర్లు. డెన్నిస్ ఓ'నీల్ కథను తీసుకుని నీల్ ఆడమ్స్ బొమ్మలు గీశాడు. భూమి మీదికి దండెత్తి వచ్చిన గ్రహాంతరవాసులు, మీలో మేటి వీరుడెవరో తేల్చుకోండి అంటారు. ఎర్ర సూర్యుడి కింద శక్తులు పోగొట్టుకున్న సూపర్‌మ్యాన్, అలీ బాక్సింగ్ బరిలోకి దిగుతారు. గెలిచేది అలీ. ఉతికి ఆరేస్తాడు అన్నా తప్పులేదు. నల్లజాతి వీరుడు, బతికున్న మనిషి, అమెరికా కన్న అతి బలవంతుడైన కల్పిత వీరుణ్ణి న్యాయమైన పోటీలో ఓడించే పుస్తకం 1978లో మందుల షాపుల్లో అమ్ముడైంది. అసలు అలీ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే లియోన్ స్పింక్స్ చేతిలో కిరీటం పోగొట్టుకుని, సెప్టెంబరులో తిరిగి గెలుచుకున్నాడు.

ఈ పుస్తకం అట్టను కాసేపు చూడాలి. ముందు అట్ట, వెనక అట్ట కలిసి ఒకే బొమ్మ, తెరిస్తే 20 అంగుళాల వెడల్పు. నడుమ బరి, చుట్టూ జనం. జనంలో 172 మంది గుర్తుపట్టదగ్గ ముఖాలున్నాయి. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దంపతులు, ఫ్రాంక్ సినాట్రా, పీలే, ఆండీ వార్హోల్, జాక్సన్ ఫైవ్, వాళ్ల పక్కనే బ్యాట్‌మ్యాన్ లాంటి కల్పిత పాత్రలు, డీసీ ఆఫీసులో పనిచేసే మామూలు ఉద్యోగులు. ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పే నంబర్ల పటం లోపల ఇచ్చారు. ముఖం వాడుకోవడానికి ఒప్పుకోని కొందరికి మీసాలు తగిలించి వదిలేశారు. పిల్లలు ఈ అట్టను నేల మీద పరిచి, పటం చూసుకుంటూ ఒక్కొక్కరినే వెతికేవారు. అందుకే ఇప్పుడు దొరికే ప్రతుల్లో అట్ట మడత దగ్గర సిరా రాలి తెల్లటి గీత పడి ఉంటుంది. ఆ గీత ఉంటే వెల తగ్గుతుంది. కానీ ఆ బొమ్మను గీసింది విప్పి చూడడానికే. మడత గీత పడని ప్రతి అంటే, ఆ జనాన్ని ఎవరూ సరిగా చూడని ప్రతి.

జాక్ కర్బీ పేరు చెప్పకుండా ఈ విషయం వదిలేయకూడదు. 1975లో మార్వెల్‌కు తిరిగొచ్చిన ఆయన, మరుసటి ఏడాది రెండు పెద్ద పుస్తకాలు గీశాడు. ఒకటి అమెరికా స్వాతంత్ర్యానికి రెండువందల ఏళ్లు నిండిన సందర్భంగా కెప్టెన్ అమెరికా దేశ చరిత్ర అంతా తిరిగొచ్చే కథ, రెండోది 1968 నాటి సినిమా 2001: ఎ స్పేస్ ఒడిస్సీకి బొమ్మల రూపం. కర్బీ యంత్రాలు, అంతరిక్షం, నల్లటి చుక్కలుగా కుతకుతలాడే శక్తి చిన్న పేజీని ఎప్పుడూ పగలగొట్టేట్టే ఉండేవి. ఇక్కడ వాటికి ఊపిరాడింది. కర్బీ అభిమానులు ఆయన 1960ల పనినే శిఖరం అంటారు. అది నిజమే కావచ్చు, కానీ కర్బీని కొత్తగా చదివేవారికి ముందుగా చేతిలో పెట్టాల్సింది మాత్రం ఈ పెద్ద పేజీలే.

సేకరించేవారికి వచ్చే తిప్పలన్నీ సైజు నుంచే వస్తాయి. పల్చటి అట్ట, న్యూస్‌ప్రింట్ కాగితం, అంత పెద్ద పేజీ. చేత్తో పట్టుకుంటే వంగుతుంది, వంగితే వెన్ను దగ్గర గీత పడుతుంది, మూలలు మెత్తబడతాయి. పిన్నులు కొట్టినవైతే నడిమి కాగితాలు ఊడి వస్తాయి. న్యూస్‌ప్రింట్‌లో చెక్కగుజ్జు తాలూకు లిగ్నిన్ ఉంటుంది, వెలుతురూ గాలీ తగిలిన కొద్దీ పసుపై, గోధుమై, చివరికి అప్పడంలా విరుగుతుంది. డీసీ పుస్తకాల్లో కొన్నిటికి వెనక అట్ట మీద కత్తిరించి, మడిచి నిలబెట్టుకునే బొమ్మలిచ్చారు. ఆ బొమ్మలు నిలబడ్డ ఇంట్లో ఆ పుస్తకానికి వెనక అట్ట మిగల్లేదు. లోపలి పేజీల్లో చిక్కుదారుల ఆటలు పెన్సిల్‌తో పూర్తయి ఉంటాయి. మొదటి పేజీ పైన వంకర అక్షరాల్లో పిల్లవాడి పేరు, తరగతి. ఇవేవీ దురదృష్టాలు కావు. బోర్లా పడుకుని, మోచేతులు ఆనించి, పాలగ్లాసు పక్కన పెట్టుకుని చదవమని తయారుచేసిన పుస్తకం అలాగే చదివించుకుంది. మచ్చలేని ప్రతులు ఇంత తక్కువగా దొరకడానికి, దొరికినవి ఇంత ఖరీదు కావడానికి కారణం ఆ చదువే.

కొనేవారు తప్పక తెలుసుకోవాల్సిన మోసం ఒకటుంది. 1974లో డీసీ సంస్థ ఫేమస్ ఫస్ట్ ఎడిషన్ పేరుతో తన తొలినాటి సంచికలను ప్రకటనలతో సహా యథాతథంగా, ట్రెజరీ సైజులో అచ్చువేయడం మొదలుపెట్టింది. మొదటిది 1938 నాటి యాక్షన్ కామిక్స్ 1, సూపర్‌మ్యాన్ పుట్టిన సంచిక. డిటెక్టివ్ కామిక్స్ 27, బ్యాట్‌మ్యాన్ 1, వండర్ ఉమన్ 1 వగైరా తర్వాత వచ్చాయి. బయట ఒక మందపాటి అట్ట, దాని మీద ఇది పునర్ముద్రణ అన్న వివరం. ఆ అట్ట తీసేస్తే లోపల నిగనిగలాడే మరో అట్ట, అచ్చం 1938 నాటిదే, 10 సెంట్ల వెలతో సహా. బయటి అట్ట చింపేసి, లోపలిదాన్ని అసలు సంచిక అని అమ్మినవాళ్లున్నారు. తాతగారి అటకమీద యాక్షన్ కామిక్స్ 1 దొరికిందని సంబరపడినవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది ఇదే. పట్టుకోవడానికి నిపుణుడు అక్కర్లేదు, స్కేలు చాలు. అసలు సంచిక పొడవు 10.5 అంగుళాల దగ్గర ఆగుతుంది. 13 అంగుళాలు దాటితే అది 1974 నాటిది. ఇన్ని తిప్పలు తెచ్చిన సైజు, ఈ ఒక్క చోట కొనేవాడిని కాపాడుతుంది.

దాచుకోవడానికి మామూలు కామిక్ సంచులు, పెట్టెలు పనికిరావు. ట్రెజరీల కోసమే కోసిన మైలార్ సంచులు, ఆమ్లం లేని అట్టముక్కలు దొరుకుతాయి. అట్టముక్క వెన్నుదన్నుగా ఉంటేనే పుస్తకం నిలువుగా నిలబడుతుంది, లేకపోతే నెల తిరక్కుండా నడుం వంగుతుంది. పడుకోబెట్టి పేర్చాలంటే దొంతర చిన్నదిగా ఉండాలి, ఎండా చెమ్మా తగలకూడదు. ప్రతి ఎంత కొత్తగా ఉందో చెప్పే గ్రేడు కోసం కొనేవారి సంగతి వేరు. చదవడానికి కొనేవారికి మాత్రం మధ్యరకం ప్రతే మేలు. అట్ట నలిగినా పేజీలన్నీ ఉండాలి, నడిమి కాగితం ఊడిపోకుండా ఉండాలి, వెనక అట్ట కత్తెరకు బలి కాకుండా ఉంటే అదనపు అదృష్టం. చందమామలను ఏడాది వారీగా బైండు చేయించుకున్న ఇళ్లలో మూలలు మడతపడ్డ సంచికలను ఎవరూ పారేయలేదు. అదే పద్ధతి ఇక్కడా మంచిది.

1980లు వచ్చేసరికి ఈ సైజుకు చోటు లేకుండా పోయింది. పత్రికల స్టాళ్లలో కామిక్స్ అమ్మకం పడిపోయింది, కామిక్స్ కోసమే వెలసిన దుకాణాలు పెరిగాయి. ఆ దుకాణాల అరలు, పెట్టెలు, సంచులు అన్నీ మామూలు సైజుకే కోసినవి. 1981లో మార్వెల్ ట్రెజరీ ఎడిషన్ 28వ సంచికతో ఆగింది, అందులో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ రెండోసారి కలిశారు. అదే ఏడాది డీసీ బ్యాట్‌మ్యాన్‌నూ హల్క్‌నూ కలిపి ఇంకో పెద్ద పుస్తకం వేసింది. ఆ తరువాత చాలాకాలం నిశ్శబ్దం. 1998లో చిత్రకారుడు అలెక్స్ రాస్, రచయిత పాల్ డీనీ సూపర్‌మ్యాన్: పీస్ ఆన్ ఎర్త్‌ను పట్టుబట్టి ఈ పెద్ద సైజులోనే తెచ్చారు. 2003 దాకా ఆ వరుసలో మరికొన్ని వచ్చాయి. 1970లలో ట్రెజరీలు చదివి పెరిగిన తరం చెల్లించుకున్న బాకీ అది.

సూపర్‌మ్యాన్ వర్సెస్ ముహమ్మద్ అలీని 2010లో డీసీ సంస్థ రెండు రూపాల్లో మళ్లీ వేసింది. ఒకటి మామూలు అరలో ఇమిడే చిన్న సైజు, రెండోది 1978 నాటి పెద్ద సైజు. రెండింట్లోనూ బొమ్మలు అవే. కొనదలచినవారు అర గురించి ఆలోచించక పెద్దదే కొనాలి, కొన్నాక నేల మీద పరిచి చదవాలి.